నాబోతును అడగడం కూడా మానేశారు



మన పట్టాభిరామ్‌కు పడమరగా పూండి జలాశయం ఉంది. 1944లో కట్టిన ఈ జలాశయంలోకి 1996 నుంచి కృష్ణా నీరు వస్తోంది. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలోకి మళ్లి, వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి, ఊత్తుకోట దగ్గర తమిళనాడులో అడుగుపెట్టి, పూండికి చేరి, అక్కడి నుంచి చెన్నై కుళాయిలకు పోతుంది. యురేనియం సంగతి తిరువళ్ళూరు జిల్లా తెలుగువారికి ఎందుకని అడిగే యౌవనస్థులకు మా మొదటి జవాబు ఈ కాలువే. శ్రీశైలం జలాశయాన్ని ఆనుకుని ఉన్న ఆమ్రాబాద్ అడవిలో యురేనియం కోసం అన్వేషణ జరపాలని 2019లో ప్రయత్నం జరిగింది. చెంచులు ఎదురు తిరిగారు, హైదరాబాదులోని విద్యార్థులు గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అక్కడ అడవితోపాటు మన మంచినీళ్ల కోసం కూడా పోరాడిన చెంచుల పేర్లు మనలో ఎవరికీ తెలియవు.

నల్లమలలో ఆగింది గానీ కడప జిల్లాలో ఆగలేదు. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. 2012 నుంచి అక్కడి శుద్ధి కర్మాగారం నడుస్తోంది. అక్కడి రాయిలో యురేనియం పాలు దాదాపు 0.04 శాతం మాత్రమే. అంటే ఒక టన్ను రాయి తవ్వి, పిండిచేసి, సోడియం కార్బనేటు కలిపిన నీళ్లలో ఉడికిస్తే, ఏమీ వృథా కాకుండా తీసినా దొరికేది నాలుగు వందల గ్రాములు. మిగిలిన దాదాపు టన్ను బురద ఎక్కడికి పోవాలి? రోజుకు మూడు వేల టన్నుల రాయిని శుద్ధి చేసేలా కట్టిన కర్మాగారం అది. ఆ బురదంతా కొట్టాల గ్రామం దగ్గర కట్టిన చెరువులోకి పోతుంది. యురేనియం తీసేశారు కదా, ఇక భయమెందుకు అనుకోకండి. రాయిలో ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులోని రేడియం సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు, థోరియం-230 సగానికి తగ్గడానికి దాదాపు 75 వేల ఏళ్లు పడుతుంది. గని మాత్రం మన మనుమలు ముసలివాళ్లు కాకముందే ఖాళీ అవుతుంది. రాయి తరిగిపోయే సొత్తు, బురద తరగని అప్పు.

బోరు నీళ్లు ఉప్పగా మారాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. బురద చెరువు అడుగున నీరు ఇంకకుండా వేయవలసిన పొర విషయంలో 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలే సంస్థను నిలదీసింది. మా కారణం కాదని సంస్థ అంటుంది. ఎవరి మాట నిజమో తేల్చడానికి ఆ రైతుకు ప్రయోగశాల లేదు. అతని దగ్గర ఉన్నది ఎండిన అరటి గెల ఒక్కటే.

కనీసం గని పెట్టేముందు ఊరివాళ్లను కూర్చోబెట్టి అడిగే పద్ధతి ఒకటి ఉండేది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. అది ఎలా జరిగేదో మనకు తెలియనిది కాదు. షామియానా, పోలీసులు, ముందే రాసుకొచ్చిన నివేదిక. అయినా ఒక ముసలమ్మ మైకు పట్టుకుని వద్దు అంటే ఆ మాట రికార్డులోకి ఎక్కేది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఉత్తర్వుతో అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ఆ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. ఇక ఢిల్లీలోని నిపుణుల సంఘం పరిశీలిస్తే చాలు.

మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయాన్ని మన ప్రసంగ వేదికల మీద ఎన్నోసార్లు విన్నాం. అహాబును దుష్టుడని అంటాం. అయినా ఆ అహాబు ముందు నాబోతు దగ్గరకు నడిచి వెళ్లి అడిగాడు. వేరే తోట ఇస్తానన్నాడు, వెల కడతానన్నాడు, కాదంటే ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చి పడుకున్నాడు. హత్య ఆ తరువాతి సంగతి. నాబోతుకు ‘ఇవ్వను’ అనే అవకాశం దక్కింది. ఈనాటి ఉత్తర్వు ఆ అవకాశాన్నే తీసేసింది.

కరెంటు వద్దా మరి, అని అడిగే సహోదరులున్నారు. న్యాయమైన ప్రశ్నే. అణువు వద్దంటే బొగ్గు అంటారు. ఆ బొగ్గు సంగతి చూడాలంటే మనం దూరం పోనక్కరలేదు. మన జిల్లాలోనే అత్తిపట్టులో ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం ఉంది. ఒరిస్సా బొగ్గు కాలిన బూడిద పగిలిన గొట్టాల్లోంచి కుశస్థలి నదిలోకి, ఎన్నూరు కయ్యలోకి కారి, రొయ్యలు పట్టి బ్రతికే జాలరుల పొట్ట కొట్టింది. నగరి వైపు నుంచి వచ్చే నీటిని కలుపుకుని పూండి మీదుగా పోయే నది అది. కాబట్టి బొగ్గా అణువా అన్న పందెంలో మేము ఏ పక్షమూ నిలబడం. ఏది పెట్టినా దాని బూడిదా బురదా ఎవరి వాకిట్లో పోస్తున్నారో వారిని అడిగారా అన్నదే మా ప్రశ్న. గుజరాత్‌లోని మిఠీ విర్దిలో రైతులు వద్దన్న అమెరికా రియాక్టర్లను శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ జాలరుల ఒడ్డుకు మార్చారు. అడిగిన చోట వద్దంటే, నోరు లేదనుకున్న చోటికి!

సంఘం నోరు తెరిచిన చోటు కూడా ఉంది. కూడంకుళం అణు విద్యుత్ కేంద్రానికి ఎదురుగా ఇడిందకరై జాలరులు 2011 నుంచి తమ లూర్దుమాత గుడి వాకిట్లోనే దీక్షలు చేశారు. వేలమంది మీద రాజద్రోహం కేసులు పెట్టారు. 2013లో సుప్రీంకోర్టు కేంద్రాన్ని నడపడానికి అనుమతించింది గానీ, భద్రతా షరతులు కూడా విధించింది. ఆ గుడి వాకిలి మూసి ఉంటే ఆ షరతులు వచ్చేవా అని మాకు అనుమానమే. తెలుగు సంఘాలు కొట్టాల రైతుల కోసం అలాంటి వాకిలి ఒక్కటైనా తెరిచాయా?

మేము అడిగేది పెద్ద పని కాదు. కొట్టాల చుట్టుపక్కల బోర్ల నీటి పరీక్షల ఫలితాలను ప్రతి మూడు నెలలకూ తెలుగులో గ్రామ సచివాలయం గోడ మీద అతికించాలని కోరుతూ ప్రతి సంఘం నుంచి ఒక ఉత్తరం కడప జిల్లా కలెక్టరుకు వెళ్లాలి. రసాయన శాస్త్రం చదివిన యౌవనస్థులు మన సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు. ఒక సెలవు వారంలో నలుగురు వెళ్లి, రైతులతో కూర్చుని, నీళ్ల సీసాలు నింపుకొచ్చి, వేరే ప్రయోగశాలలో పరీక్ష చేయించవచ్చు. మినహాయింపు ఉత్తర్వును వెనక్కి తీసుకోవాలని మన పార్లమెంటు సభ్యుడికి రాసే వినతిపత్రం వచ్చే ఆదివారం ఆరాధన తరువాత సంతకాలకు సిద్ధంగా ఉంటుంది. తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి.