గర్భిణులకు, బాలింతలకు "చక్కెర లేని తీపి" తగునా?

"ఇందులో చక్కెర లేదు గదా, ఎంత తిన్నా ఫరవాలేదు" అనే మాట గర్భిణులున్న ఇళ్లలో ఈ మధ్య తరచుగా వినిపిస్తున్నది. గర్భధారణలో మధుమేహం బయటపడిన అమ్మాయికి శ్రీమంతం నాడు కృత్రిమ తీపి పొడి కలిపిన పాయసం పెట్టే కుటుంబాలున్నాయి. ప్రేమ మంచిదే గాని లెక్క తప్పు. తీపి మారినంత మాత్రాన బియ్యమూ పాలూ మారవు. అవి రక్తంలో గ్లూకోజును పెంచుతూనే ఉంటాయి.

గుంటూరు, ప్రకాశం జిల్లాల చేలలో ఎండకు మిరపకాయలు కోసే గర్భిణికి ఆ పొడి పేరైనా తెలియదు. అయినా దాహానికి కొనే చవక పుల్ల ఐసులోనో, రంగు సోడాలోనో, నమిలే వక్కపొడిలోనో సాకరిన్ ఉండవచ్చు. ఒకరు తెలిసి, మరొకరు తెలియక తీసుకుంటున్నారు.

ఈ పదార్థాలన్నీ ఒకటి కావు. 1879లో కనుగొన్న సాకరిన్ మాయను దాటి గర్భస్థ శిశువును చేరుతుంది, అక్కడ నుండి నెమ్మదిగా తొలగుతుంది. కావున గర్భిణి దానిని మానుటయే మేలు. ఆస్పర్టేమ్ జీర్ణాశయంలోనే విడిపోతుంది. రోజుకు శరీర బరువులో కిలోకు 40 మిల్లీగ్రాముల లోపు ఫరవాలేదని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2023లోనూ చెప్పింది. ఫినైల్ కీటోన్యూరియా అనే జన్యులోపం ఉన్నవారు మాత్రం దానిని ముట్టరాదు. సుక్రలోజ్ అధిక భాగం మలంతో వెడలిపోతుంది. అయినా 2015లో అమెరికాలో 20 మంది తల్లుల పాలు పరీక్షించగా, 13 మంది పాలలో సాకరిన్, సుక్రలోజ్, ఎసిసల్ఫేమ్‌లలో ఏదో ఒకటి కనిపించింది. పరిమాణం స్వల్పమే గాని, బిడ్డకు అది అవసరం లేనిది.

కెనడాలో 2016లో వెలువడిన అధ్యయనంలో, గర్భిణిగా రోజూ డైట్ పానీయాలు తాగిన తల్లుల బిడ్డలలో ఏడాది వయసుకు అధిక బరువు రెట్టింపుగా కనిపించింది. ఇది సంబంధమే గాని కారణమని రుజువు కాలేదు. బరువు తగ్గుటకు వీటిపై ఆధారపడవద్దని 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

నా అభిప్రాయం ఇది. ఎప్పుడో ఒక కప్పు టీలో ఒక మాత్ర వేసుకున్న తల్లి భయపడనక్కరలేదు. కాని వీటిని మందుగా భావించరాదు. వీటిని నమ్మి ఇన్సులిన్ మానుట అసలు ప్రమాదం. అదుపు తప్పిన చక్కెర వలన బిడ్డ అతిగా పెరిగి కాన్పు కష్టమవుతుంది, పుట్టిన వెంటనే శిశువుకు చక్కెర పడిపోవచ్చు.

దాహానికి మంచినీరు, మజ్జిగ చాలు. పొట్లం మీద పదార్థాల పేర్లు చదవండి, చదవలేనివారికి ఇంట్లో పిల్లలు చదివి చెప్పండి. గర్భం తెలియగానే ఒకసారి, 24–28 వారాల మధ్య మరొకసారి చక్కెర పరీక్ష చేయించండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. మధుమేహం వచ్చినవారు కాన్పైన ఆరు వారాలకు తిరిగి పరీక్ష చేయించుకొనుట మరువరాదు.