ఓడినా బతికే బరి

సూరత్‌లోని గోడాదరాలో తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు ఎన్నో. మగ్గం నేసే సాలెల పేరే తెలుగువాళ్లు గూడు అల్లే సాలీడుకూ పెట్టారు. శ్రీకాళహస్తి స్థలపురాణమైతే దాన్ని ఏకంగా శివభక్తుణ్ని చేసి, ఊరి పేరులో మొదటి అక్షరం దానికే ఇచ్చింది. ఆ సాలీడును మల్లయోధురాలిని చేసిన ఘనత మాత్రం జపాన్‌ది.

కగోషిమా ప్రాంతంలోని కజికి పట్టణంలో (2010 నుంచి ఐరా నగరంలో భాగం) ఏటా జూన్ మూడో ఆదివారం సాలీళ్ల పోటీలు జరుగుతాయి. 16వ శతాబ్దం చివర్లో కొరియాపై దండెత్తిన సేనాని షిమజు యొషిహిరో సైనికుల్లో హుషారు నింపడానికి వీటిని మొదలుపెట్టాడని స్థానికులు చెప్పుకుంటారు. బరిలోకి దిగేవన్నీ పసుపు, నలుపు చారల ఆడ సాలీళ్లే. ఈ జాతిలో మగవి మరీ పీలగా ఉంటాయి. పెంపకందార్లు వాటిని వెతికి పట్టి, ఇంట్లోనే మేపి పోటీకి సిద్ధం చేస్తారు. అడ్డంగా అమర్చిన కర్ర మీద ఒకటి కాచుకుని ఉంటే, రెండోదాన్ని దానిపైకి తోలతారు. ప్రత్యర్థి పొట్టను కరిచినా, దారంతో చుట్టేసినా, అది వేలాడే దారాన్ని తెంపినా గెలుపే. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. ఫలితం తేలగానే రిఫరీ రెంటినీ విడదీస్తాడు. 1996లో జపాన్ ప్రభుత్వం ఈ ఆచారాన్ని నమోదు చేసి భద్రపరచాల్సిన జానపద సంప్రదాయాల్లో చేర్చింది.

ఇదే పోటీ సూరత్‌లో పెడితే మాత్రం నేరమే. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ జంతువే. కేవలం వినోదానికి వాటిని పోట్లాటకు ఉసిగొల్పకూడదు. అయితే తొలి తప్పుకు ఆ చట్టం పెట్టిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు! సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోళ్లపై చేతులు మారే లక్షలతో పోలిస్తే అది చిల్లర కూడా కాదు. 2016 డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు పందేలను అడ్డుకోవాలని ఆదేశించినా, మర్నెల పండక్కి బరులు వెలిశాయి.

సాలీడైనా, కోడైనా కోరి బరిలోకి దిగదు. కాబట్టి కజికిని ఆకాశానికెత్తాల్సిన పనిలేదు. కానీ అక్కడ ఆటను ఆపే మనిషి ఉన్నాడు. ఇక్కడ ఆటను ముగించేది కోడి కాలికి కట్టిన కత్తి. పందేలు మా సంప్రదాయమని వాదించే పెద్దలు ఒక సంక్రాంతికి కత్తి విప్పి, పందెం డబ్బు పక్కనపెట్టి చూడాలి. అప్పుడు కూడా బరి చుట్టూ జనం నిలబడితే ఆ మాటను నమ్మొచ్చు.