దూరాన్ని గంటల్లో రాయమని అడుగుదాం



ఢిల్లీ నుంచి టోక్యోకి ఎంత దూరం? సూటిగా గీత గీసి కొలిస్తే సుమారు 5,850 కిలోమీటర్లు. పరీక్షకి ఈ అంకె చాలు. ప్రయాణానికి చాలదని మేం అంటున్నాం. ఎందుకో చూడండి.

మధ్యలో ఆగని విమానం ఢిల్లీ నుంచి టోక్యోకి సుమారు ఏడున్నర గంటల్లో పోతుంది. తిరిగొచ్చేటప్పుడు తొమ్మిదిన్నర గంటల దాకా పడుతుంది. ఊళ్ళు కదల్లేదు కదా, మరి ఆ రెండు గంటలు ఎక్కడివి? నేలకి పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది. చలికాలంలో అది గంటకి 200 కిలోమీటర్లు కూడా దాటుతుంది. పోయేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు కొడుతుంది.

దారి కూడా సూటిగా ఉండదు. మధ్యలో హిమాలయాలు, వాటి వెనక టిబెట్ పీఠభూమి. విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే సుమారు 3 కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి. టిబెట్‌లో నేలే సగటున 4,500 మీటర్ల ఎత్తు, ఇక దిగేదెక్కడికి? అందుకే విమానాలు మామూలుగా దక్షిణానికి జరిగి, మయన్మార్ వైపు నుంచి చుట్టు తిరిగి పోతాయి.

గడియారం చూసి లెక్కేసినా పప్పులో కాలేసినట్టే. టోక్యో టైము మనకంటే మూడున్నర గంటలు ముందు. రాత్రి 8కి ఢిల్లీలో ఎక్కితే అక్కడ పొద్దున 7కి దిగుతాం. చూడ్డానికి 11 గంటలు, ఎగిరింది ఏడున్నరే.

అందుకే విమానాల వాళ్ళు పోవడానికి ఎన్ని గంటలో, రావడానికి ఎన్ని గంటలో విడివిడిగా చెప్తారు. అదేంటని ఎవరూ అడగరు. మన ఏజెన్సీ గూడేల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కిలోమీటర్ల అంకె ఒక్కటే చూస్తారు. ఆస్పత్రి 6 కిలోమీటర్లు అంటే దగ్గరే అనుకుంటారు. కొండ దిగడానికి గంటన్నర, ఎక్కడానికి రెండున్నర గంటలు పడితే? వాగు పొంగితే? గర్భిణిని డోలీలో మోసేవాళ్ళకి ఆ 6 అంకెతో పనేముంది?

విద్యాహక్కు చట్టం కింద 2010లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఐదో తరగతి దాకా బడి 1 కిలోమీటరు లోపు, ఎనిమిది దాకా 3 కిలోమీటర్ల లోపు ఉండాలి. కొండలు, వరదలు, రోడ్డు లేని చోట్ల ఆ హద్దుని ఇంకా తగ్గించాలని కూడా వాటిలోనే ఉంది. అంటే కిలోమీటర్లు చాలవని రాసినోళ్ళకీ తెలుసు. తగ్గించమని మనం అడగాలంటే చేతిలో గంటల లెక్క ఉండాలి.

మన పెద్దోళ్ళు ఎప్పుడూ దూరాన్ని పొద్దుతోనే చెప్పేవాళ్ళు. ఈసారి సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఆ కొలతనే కాయితం మీద పెడదాం. బడికి, ఆస్పత్రికి, సంతకి పోను ఎంతసేపు, రాను ఎంతసేపు, ఎండాకాలం ఎంత, వానాకాలం ఎంత అని రాసి గ్రామసభలో చదివిద్దాం.

జై ఆదివాసీ.