పాయెల్లా అయితే అనుభవం, పప్పయితే పనిమనిషి పనా?

ఈ మధ్య జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు ఎవరింటికెళ్ళినా యూరప్ ట్రిప్పు ఫొటోల్లో ఒకటి తప్పనిసరి అయిపోయింది. ఏప్రన్ కట్టుకుని, గరిటె పట్టుకుని, ముందు ఇంత వెడల్పు పెనం పెట్టుకుని నవ్వుతుంటారు. "స్పెయిన్‌లో పాయెల్లా వండాం!" అట. చాలా సంతోషం. నా గొడవ పాయెల్లాతో కాదు. అదే మనిషి తిరిగొచ్చాక సొంత వంటింటి గడప తొక్కడు చూశారూ, దాంతో.

స్పెయిన్ పిచ్చి మనకి అంటించింది సినిమాలే. 2011లో హిందీ 'జిందగీ నా మిలేగీ దొబారా', 2013లో మన 'ఇద్దరమ్మాయిలతో'. లొకేషన్లు చూడ్డం పాతబడింది, ఇప్పుడు వంట క్లాసులు మొదలయ్యాయి.

నేనూ వాలెన్సియాలో ఒక క్లాసు చేశా, కాబట్టి అసూయతో రాస్తున్నానని అనుకోకండి. ముందు మార్కెట్టుకి తీసుకెళ్తారు, తర్వాత వంటింట్లో మనచేతే అన్నీ చేయిస్తారు. ఇలాంటి క్లాసుకి తలకి 60-80 యూరోలు, అంటే మన 6-8 వేల పైమాటే. పాయెల్లా అంటే వాళ్ళ భాషలో పెనమే. కోడి, కుందేలు, చిక్కుళ్ళు, టమాటా, కుంకుమపువ్వు, పొట్టిగింజ బియ్యం. బియ్యం పడ్డాక గరిటె తిప్పితే ఊరుకోరు. అడుగున పట్టే మాడుచెక్కని 'సోకర్రాత్' అంటారు, దానికోసం పోటీ పడతారు. ఎంత పట్టింపు అంటే, 2016లో జేమీ ఆలివర్ అనే పేరున్న బ్రిటిష్ షెఫ్ అందులో చోరిసో సాసేజ్ వేసినందుకు ఏకి పారేశారు. 2021లో వాలెన్సియా ప్రభుత్వం పాయెల్లాని తమ సాంస్కృతిక వారసత్వంగా అధికారికంగా ప్రకటించింది. గమనించండి, గౌరవం తినడానికే కాదు, వండడానికి కూడా.

మరి మన సంగతి? 2019లో యునెస్కో హైదరాబాదుని ఆహార రంగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. వాలెన్సియా దగ్గరున్న డేనియా అనే చిన్న ఊరు 2015లో చేరిన జాబితానే అది. మనం ఏం చేశాం? ఇంకో నాలుగు బిర్యానీలు ఆర్డర్ చేశాం. రోడ్ నంబర్ 36లో తినడానికి లెక్కలేనన్ని చోట్లున్నాయి, ఊరు చూడ్డానికొచ్చినవాడు చెయ్యిపెట్టి నేర్చుకునే చోటు మాత్రం వెతుక్కోవాలి. పాయెల్లాలో గరిటె పెట్టకూడదని విని నోరెళ్ళబెట్టిన పెద్దమనిషికి, పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూతకి పిండి అంటించి, లోపల ఎంతవరకూ వచ్చిందో వాసన బట్టి చెప్పగలిగే వాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారని గుర్తుండదు.

అసలు రోగం ఇక్కడుంది. అక్కడ నేర్పినామెని "షెఫ్" అంటాం, చప్పట్లు కొడతాం, పక్కన నిలబడి ఫొటో దిగుతాం. ఇక్కడ రెండు పూటలా వండిపెట్టే ఆవిడ పేరు మన ఫోన్లో "కుక్". ఆవిడ రావాల్సింది సర్వీస్ లిఫ్టులో. నాలుగు గంటల క్లాసుకి 8 వేలు ఇచ్చిన చెయ్యి, ఆవిడ నెలకి వెయ్యి పెంచమంటే వణుకుతుంది!

"సెలవుల్లో ఏదో సరదా బాసూ, ప్రతిదానికీ లెక్చరెందుకు?" అంటారు. సరే, సరదానే. మరి పదినిమిషాల తిరగమోత ఇక్కడెందుకు సరదా కాదు? చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు కాబట్టి. "ఆఫీసు పని, టైమెక్కడ?" అంటారా? మనతోపాటే లాగిన్ అయ్యి మనతోపాటే లాగౌట్ అయ్యే అమ్మాయి ఇంటికెళ్ళి వండుతోందిగా, ఆవిడకి రోజుకి 30 గంటలున్నాయా? మంచి వంటకి నలభీమపాకం అని పేరు పెట్టుకున్న జాతి మనది. ఆ ఇద్దరూ మగాళ్ళే మహానుభావా!

మా వృత్తిలో ఒక భయం ఉంటుంది. డాక్యుమెంటేషన్ రాయకుండా ఒక్కడే కోడ్ అంతా బుర్రలో పెట్టుకుని, ఒకరోజు వెళ్ళిపోతాడు. తర్వాత దాన్ని బాగుచేసే దిక్కుండదు. మన ఇళ్ళల్లో వంట సరిగ్గా అలాగే ఉంది. అమ్మమ్మల గోంగూర, ఉలవచారు, ఆవకాయ అన్నీ కంటికొలతలే. "చిటికెడు", "గుప్పెడు". ఆ గుప్పెడు ఎవరి గుప్పెడో పక్కన నిలబడి చూస్తేగానీ తెలీదు. వాలెన్సియా వాళ్ళది పోదు, ఎందుకంటే వాళ్ళు మనకి కూడా నేర్పేస్తున్నారు. పోయేది మనదే.

కాబట్టి హోటళ్ళ వాళ్ళకి ఒక మాట: టూరిస్టుకి ప్లేటొక్కటే కాదు, ఒక పూట పొయ్యి కూడా ఇవ్వండి. మిగతావాళ్ళకి: స్పెయిన్ వెళ్ళండి, శుభ్రంగా నేర్చుకోండి. వచ్చాక ఒక్క ఆదివారం ఇంట్లో వండేవాళ్ళ పక్కన నిలబడి, కొలతలు రాసుకుని, చెయ్యి కాల్చుకుని చూడండి.

దానికన్నా ముందు, మీ వంటావిడ పేరేంటో కనుక్కోండి.