3ను 8గా చదివిన కారు

అమెరికాలో వేగపరిమితి పలక మీద ఉన్న 35ను ఒక కారు 85గా చదివింది. మెకాఫీ సంస్థ పరిశోధకులు చేసిన ఈ ప్రయోగం 2020 ఫిబ్రవరిలో వెల్లడైంది. వాళ్లు చేసిందల్లా నల్ల టేపు ముక్కతో 3 అంకెలోని నడిమి గీతను కాస్త పొడిగించడమే. 2016 నాటి టెస్లా కారు కెమెరా దాన్ని 8 అనుకుంది. కారు వేగం పెంచుకుంటూ పోయింది. బ్రేకు వేసింది లోపల కూర్చున్న మనిషి. కారు సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

తనంతట తాను నడిచే వాహనాల మీద దాడి రెండు దారుల్లో రావచ్చు. మొదటిది తాళం పగలగొట్టి లోపలికి రావడం. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు నిపుణులు ఇంట్లో కూర్చునే, హైవే మీద పోతున్న జీప్ చెరోకీని మొబైల్ నెట్‌వర్క్ ద్వారా తమ అదుపులోకి తెచ్చుకున్నారు. ప్రయోగానికి ఒప్పుకున్న ఒక విలేకరే ఆ కారు నడిపారు. పాటలు వినిపించే వ్యవస్థే వారికి దొరికిన దొడ్డిదారి. ఆ తర్వాత ఫియట్ క్రిస్లర్ 14 లక్షల వాహనాలను రీకాల్ చేసి సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దింది.

రెండోది కంటిని మోసగించడం. కృత్రిమ మేధకు ప్రతిదానికీ సూత్రం రాసివ్వరు. లక్షల ఫొటోలు చూపిస్తే అది పోలికలు పట్టుకుంటుంది. పోలికను చెడగొడితే తప్పు చదువుతుంది. మాసిన అంకెను మనమూ పొరబడి చదవవచ్చు. కానీ ఊరి వీధిలో గంటకు 85 మైళ్ల వేగం, అంటే దాదాపు 137 కిలోమీటర్లు, ఎవరూ అనుమతించరని మనకు తెలుసు. యంత్రానికి ఆ లోకజ్ఞానం లేదు. చైనాలోని టెన్సెంట్ కీన్ ల్యాబ్ 2019లో నేల మీద చిన్న స్టిక్కర్లు అంటించి, టెస్లా ఆటోపైలట్‌ను పక్క లేన్‌లోకి మళ్లించగలిగింది.

కొత్త కెమెరాలు ఆ టేపుకు మోసపోలేదని మెకాఫీ కూడా చెప్పింది. అయితే తెలిసిన మోసాన్ని సరిదిద్దినంత మాత్రాన తెలియనివి పోవు. అందుకే కెమెరా మాట ఒక్కటే నమ్మకుండా మ్యాపు, రాడార్, లైడార్‌ల సాక్ష్యం కూడా తీసుకోవాలి. అవి ఏకీభవించనప్పుడు బండి వేగం తగ్గించుకోవాలి.

ఐక్యరాజ్యసమితి 155వ నిబంధన ప్రకారం వాహనం డిజైన్ దశ నుంచి రోడ్డు మీద తిరిగినంత కాలం సైబర్ ముప్పును కనిపెట్టే బాధ్యత తయారీదారుదే. ఐరోపా సమాఖ్యలో 2024 జూలై నుంచి కొత్త వాహనాలన్నిటికీ ఇది తప్పనిసరి.

మన దేశంలో చర్చ ఎక్కువగా ఉపాధి దగ్గరే ఆగుతోంది. డ్రైవర్ల జీవనాధారం పోతుంది కాబట్టి డ్రైవరు లేని కార్లను రానివ్వబోమని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2023 డిసెంబరులో అన్నారు. ఆ ఆందోళన న్యాయమైనదే. కానీ సగం యంత్రం ఇప్పటికే వచ్చేసింది. లేన్ తప్పకుండా చూసే, తనంతట తానే బ్రేకు వేసే కార్లు మన రోడ్ల మీద తిరుగుతున్నాయి. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో 2022 నుంచి స్వయంచాలక వాహనాలకు పరీక్షా కేంద్రం ఉంది.

హోసూరు, బళ్లారి, బరంపురం దారుల్లో పలకల మీది లిపి మారుతుంది. అన్నిచోట్లా కనిపించేవి మాత్రం ఆ పలకల మీద అంటించిన పోస్టర్లు. అమెరికాలో పరిశోధకులు పనిగట్టుకొని చేసినది ఇక్కడ ఎవరూ తలపెట్టకుండానే జరిగిపోతోంది. కెమెరాకు దాడికీ పోస్టరుకూ తేడా తెలియదు.

కాబట్టి మనం అడగాల్సినవి మూడు. అమ్మకానికి ముందే ఇలాంటి మోసాలతో వాహనాన్ని పరీక్షించాలి. లోపం కనిపెట్టి చెప్పిన పరిశోధకులను నేరగాళ్లుగా చూడకూడదు. ప్రమాదం జరిగితే జవాబు చెప్పేదెవరో చట్టంలో ముందే రాసి ఉండాలి. పలక తప్పు చదివింది యంత్రమే అయినా, దాన్ని రోడ్డు మీదికి పంపింది మనుషులే కదా!