పల్లవే పేరు

విశాఖ ఉక్కునగరంలో ఒక క్వార్టరు. చప్పుడు పక్కింటికి పోకుండా ముందుగది గోడలకు పాత దుప్పట్లు మేకులు కొట్టి వేలాడదీశారు. రెండు గిటార్లు, ఒక కీబోర్డు, మూలన డ్రమ్ములు. డ్రమ్ముల మీద తువ్వాళ్ళు పరిచి ఉన్నాయి. ఇదేమిటమ్మా అని అడిగితే, వాయించే అమ్మాయి గొంతు తగ్గించి, "నాన్నగారు రాత్రి సి షిఫ్టు చేసి వచ్చారు మాస్టారూ, లోపల పడుకున్నారు" అంది.

నలుగురూ స్టీలుప్లాంటు ఉద్యోగుల పిల్లలే. ఎనిమిది పాటలు సొంతంగా కట్టుకున్నారు. పాటలన్నీ తెలుగులోనే. వచ్చే నెల రికార్డింగు. అన్నీ కుదిరాయి గానీ ఆల్బమ్‌కు పేరు కుదరలేదు. నోట్‌బుక్‌లో ఒక పేజీ నిండా పేర్లు రాసి కొట్టేసుకున్నారు. కొట్టివేతల కింద చదవగలిగినంత మేరకు చదివాను. ఒక్కటీ తెలుగు మాట కాదు. "పేరు మీరు పెట్టండి మాస్టారూ" అన్నారు. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఆ పిల్లలకు అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ నెల ఈ పేజీలో చెబుతాను.

పాటకు విడిగా పేరు పెట్టే అలవాటు మనకు పెద్దగా లేదు. త్యాగయ్య కృతిని పల్లవి ఎత్తుగడతోనే గుర్తుపడతాం. రాగం పేరు, తాళం పేరు ఆ తరవాతే. జానపదమూ అంతే. నాట్లేసేవాళ్ళు ఏ ముక్క అందుకుంటే అదే ఆ పాట పేరు. అంటే మన దగ్గర పాటకు పేరు పెట్టేది కట్టేవాడు కాదు, వినేవాడు. రికార్డు వచ్చి, క్యాసెట్టు వచ్చి, పది పాటలు ఒక అట్ట లోపలికి చేరాకే ఆ అట్ట మీద ఏం రాయాలన్న చిక్కు మొదలైంది. గాయని స్మిత 2000లో తన తొలి పాప్ ఆల్బమ్ తెచ్చినప్పుడు అందులోని పాట పేరే అట్ట మీదికెక్కి 'హాయ్ రబ్బా' అయింది. అప్పటి కుర్రకారు దుకాణంలో అడిగిందీ ఆ మాటతోనే.

రాక్ బ్యాండ్లు మనకన్నా చాలా ముందే ఈ చిక్కులో పడ్డాయి. ఉక్కు ఊళ్ళో ఉన్నాం కనుక ఇనుము వాసన ఉన్నవాటి సంగతే ముందు చెప్పాలి. బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల ఊరు. అక్కడ రేకులు కోసే కార్ఖానాలో పనిచేస్తూ టోనీ అయోమీ అనే కుర్రాడు కుడిచేతి రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకుని, తీగల బిగువు తగ్గించి మళ్ళీ గిటార్ పట్టాడు. ఆ బ్యాండ్ పేరు బ్లాక్ సబ్బాత్, 1970లో వచ్చిన మొదటి ఆల్బమ్ పేరు బ్లాక్ సబ్బాత్, అందులో మొదటి పాట పేరూ బ్లాక్ సబ్బాత్. మనిషీ ఇల్లూ ఊరూ ఒకే పేరుతో ఉన్నట్టు. ఆ మొదటి పాట విన్నవాడికి ఇక వేరే పరిచయం అక్కర్లేదు.

ఆ ప్రాంతానిదే జూడాస్ ప్రీస్ట్. వాళ్ళ 'బ్రిటిష్ స్టీల్' 1980 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ ఏడాది మొదట్లో వాళ్ళు స్టూడియోలో ఉన్నప్పుడే బయట బ్రిటన్ ఉక్కు కార్మికులు దేశమంతా సమ్మెలో ఉన్నారు. జనవరి 2న మొదలైన సమ్మె ఏప్రిల్ దాకా నడిచింది. ఆల్బమ్‌లో ఆ పేరుతో పాటే లేదు. ఇనుప పాదాల నడక వినపడాలని చెంచాలూ ఫోర్కులూ ఉన్న ట్రే పట్టుకుని గలగలలాడించి రికార్డు చేశారు. ప్రతి పాటలోనూ ఉక్కు మోగుతూ ఉంటే ఇక ఆ పేరుతో విడిగా ఒక పాట ఎందుకు?

పింక్ ఫ్లాయిడ్ 1975 నాటి ఆల్బమ్ నాకు ఇంకా ఇష్టం. అందులో ఒక్క పాటే రెండు ముక్కలుగా చీలి ఆల్బమ్‌లో సగానికి పైగా ఆక్రమించింది. పేరు మాత్రం దానికి దక్కలేదు. ఐదు నిమిషాల చిన్న పాటకు దక్కింది: 'విష్ యూ వర్ హియర్'. మనసు చెదిరి బ్యాండ్‌కు దూరమైన పాత స్నేహితుడు సిడ్ బారెట్ కోసం పడిన బెంగ ఆ ఆల్బమ్ నిండా ఉంది. ఆ బెంగను నాలుగు మాటల్లో పట్టుకున్నది చిన్న పాటే. బలం ఉన్నదాన్నో, జనం ముందుగా ఎగబడేదాన్నో పేరుకు నిలబెట్టాలని లేదు. మిగతా పాటలు ఏ పేరు కింద నిలబడి మరికాస్త ఎక్కువగా అర్థమవుతాయో అదే శీర్షిక గీతం.

లెడ్ జెప్పెలిన్ వాళ్ళు 'హౌసెస్ ఆఫ్ ది హోలీ' అనే పాట రికార్డు చేసి, 1973 ఆల్బమ్‌కు ఆ పేరు పెట్టి, ఆ పాటను మాత్రం అందులోంచి తీసేశారు. అది రెండేళ్ళ తరవాత మరో ఆల్బమ్‌లో వచ్చింది. పాట పోయినా పేరు నిలబడింది.

ఇదంతా పరాయి సంగతి అనిపిస్తే మన ఊరి మనిషినే చూడండి. విశాఖలో 1910లో పుట్టిన శ్రీశ్రీ 1934లో 'మహాప్రస్థానం' గేయం రాశాడు. పుస్తకం వచ్చింది 1950లో. ఆ మధ్య రాసిన గేయాల్లో పేరుకు పోటీ పడగలిగినవి ఎన్నో ఉన్నాయి. కానీ మహాప్రస్థానమంటే అప్పటిదాకా తెలుగువాడికి భారతంలో పదిహేడో పర్వం, పాండవులు రాజ్యం వదిలి హిమాలయాల వైపు సాగిన చివరి నడక, దారిలో ఒక్కొక్కరూ నేలకొరిగిన నడక. శ్రీశ్రీ ఆ మాటను అందుకుని ముఖం ఇటు తిప్పాడు. చావు వైపు నడక బతుకు వైపు కవాతు అయింది. ఆ పేరు అట్ట మీద ఉండబట్టే లోపలి గేయాలన్నీ అడుగు కలిపి నడుస్తున్నట్టు కనిపిస్తాయి, ఒంటరి రాత్రి దిగులుతో రాసినది కూడా. మాట పాతది, తెలిసినది. తిప్పడం కొత్తది. తెలుగులో పేరు దొరకడం లేదనే పిల్లలకు నేను చూపించగలిగిన పెద్ద ఉదాహరణ ఇదే.

రావిశాస్త్రి దారి మరోటి. తన కథల పుస్తకానికి 'ఆరు సారా కథలు' అన్నాడు. ఏ ఒక్క కథకూ పెద్దరికం ఇవ్వలేదు. లెక్కా సరుకూ చెప్పి ఊరుకున్నాడు.

పేరు సంగతిలో ఈ ఊరికి తక్కువేమీ లేదు. 1966లో 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అన్న నినాదం వీధుల్లో పుట్టింది. ఉక్కుకు హక్కు ప్రాస కుదిరింది. ఆ ప్రాస వెనక 32 మంది ప్రాణాలు పోయాయి. 2021లో ప్లాంటును అమ్ముతామన్నప్పుడు అవే నాలుగు మాటలు మళ్ళీ గేటు ముందుకొచ్చాయి. ఎవరూ కొత్తది రాయాల్సిన పని పడలేదు. ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టుకున్న ఊరిది. మూడో కొలిమి దగ్గరికొచ్చేసరికి నది పేరు కాదు, అన్నపూర్ణ అన్నారు. వేల డిగ్రీల వేడికి అన్నం పెట్టే తల్లి పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళకు పేరు పెట్టడం నేను నేర్పక్కర్లేదు.

ఆ రోజు ఎనిమిది పాటలూ వినిపించారు. ఐదోది కూడా తువ్వాళ్ళు తీయకుండానే వాయించారు. అందులో ఉన్నవి: చిన్నప్పుడు పగలంతా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన ఇల్లు, కుక్కర్ కూత రాగానే అమ్మ వంటింట్లోకి పరుగెత్తడం, సాయంత్రం తలుపు తెరుచుకుంటే ఒక్కసారిగా మొదలయ్యే ఇంటి సందడి. ఉక్కునగరంలో పెరిగిన ఏ బిడ్డకైనా తెలిసిన నిశ్శబ్దం అది. పల్లవిలో సి షిఫ్టు అన్న మాట రెండుసార్లు వస్తుంది. మిగతా ఏడు పాటల గోల ఎక్కణ్ణించి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. అది పగలంతా అణచుకున్న గోల.

పాట అయ్యేసరికి లోపలి తలుపు దగ్గర డ్రమ్ముల అమ్మాయి నాన్నగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడు లేచారో ఎవరూ చూడలేదు. "ఆ సి షిఫ్టు పాట ఇంకోసారి వాయించండమ్మా, ఈసారి తువ్వాళ్ళు తీసేసి" అన్నారు.

అమ్మాయి తువ్వాళ్ళు మడతపెట్టి కుర్చీ మీద పెట్టింది. గిటార్ కుర్రాడు నోట్‌బుక్ అందుకున్నాడు.