ఇరవై ఏళ్ల గుడి

1689 శరదృతువులో జపాన్ హైకూ కవి బాషో ఓగాకి ఊళ్లో పడవెక్కాడు. దాదాపు అయిదు నెలలు ఉత్తరాది కొండదారుల్లో తిరిగి అప్పుడే వచ్చాడు. శిష్యులు చుట్టూ చేరారు. బడలిక తీరనేలేదు, మళ్లీ బయల్దేరాడు. ఇసేలో ఆ ఏడు దేవత పాత గుడి విడిచి కొత్త గుడికి తరలే పండుగ. అది చూడాలని ఆయన ఆరాటం. ‘ఓకు నో హొసోమిచి’ అనే ఆయన యాత్రాగ్రంథం ఇల్లు చేరకుండానే, ఆ పడవ ప్రయాణంతోనే ముగుస్తుంది.

ఇసే గుడి సూర్యదేవత అమతెరాసుది. అక్కడ పక్కపక్కనే రెండు స్థలాలు. ఒకదానిలో గుడి ఉంటే రెండోది గులకరాళ్లు పరిచి ఖాళీగా ఉంటుంది. 20 ఏళ్లకోసారి ఆ ఖాళీ స్థలంలో అచ్చం అలాంటి గుడే కడతారు. రాత్రివేళ దేవతను తరలిస్తారు. ఆ తరువాత పాతదాన్ని విప్పి, దాని కలపను వేరే గుళ్లకు ఇస్తారు. 690లో మొదలైన ఈ ఆచారం అంతర్యుద్ధాల కాలంలో 120 ఏళ్లకు పైగా నిలిచిపోయి, తిరిగి లేచింది. 2013లో జరిగింది 62వది, వచ్చేది 2033లో. ఇరవై ఏళ్ల గడువుకు చెప్పే కారణాల్లో మా మనసుకు పట్టినది ఒకటుంది. మొదటిసారి పనిముట్లు అందించిన కుర్రాడు రెండోసారికి చెయ్యి తిరిగిన వడ్రంగి అవుతాడు, మూడోసారికి పక్కన నిలబడి నేర్పే పెద్దవాడవుతాడు. గుడి వయసు మామూలుగా ఇరవై దాటదు. దాన్ని కట్టే విద్యకు మాత్రం పదమూడు వందల ఏళ్లు.

మరి ఇది పాత గుడా, కొత్త గుడా? జపాన్ వెళ్దామనుకునే మనవాళ్ల చేతికొచ్చే టూర్ ప్యాకేజీలో ఈ ప్రశ్నకు చోటుండదు. అందులో జపాన్‌లు రెండు. క్యోటోలో కిమోనో కట్టుకుని ఒక ఫొటో, టోక్యోలో అకిహబారా దీపాల వెలుగులో ఇంకో ఫొటో, నడుమ షింకాన్‌సెన్ రైలు. పాత జపాన్‌కూ కొత్త జపాన్‌కూ నడుమ ఆ గీత గీసింది ప్రయాణాల వ్యాపారమేనని మా నమ్మకం.

టోక్యో స్కైట్రీనే చూడండి. 2012లో తెరిచిన ఈ టవర్ ఎత్తు 634 మీటర్లు. దాని కడుపులో 375 మీటర్ల కాంక్రీటు స్తంభం ఉంది. పైభాగంలో అది చుట్టూ ఉన్న ఉక్కు చట్రానికి బిగిసి ఉండదు. నూనె డ్యాంపర్లు రెంటినీ కలుపుతాయి. భూకంపం వస్తే చట్రం ఒక తీరున, స్తంభం ఇంకో తీరున ఊగి, మొత్తం ఊపు తగ్గుతుంది. ఈ ఏర్పాటుకు ఇంజనీర్లు పెట్టుకున్న పేరు ‘షింబాషిరా’ నుంచి వచ్చింది. పాత పగోడాల నడిమి కంబాన్ని అలా అంటారు. నారా దగ్గర హోర్యూజీలోని అయిదంతస్తుల పగోడాకు అలాంటి కంబమే ఉంది. మాను వలయాలను పరీక్షించి, ఆ చెట్టును 594లో కొట్టారని తేల్చారు. 634 అంకెలోనూ ఒక ముచ్చట ఉంది: ఆరు, మూడు, నాలుగును ‘ము-సా-షి’ అని చదవొచ్చు. ముసాషి అన్నది ఆ ప్రాంతపు పాత పేరు. శాసనాల్లో అంకెలను మాటల్లో దాచుకున్న మనకు ఇది పరాయి సరదా కాదు.

హోర్యూజీ పేరెత్తాక నిషిఒకా త్సునెకజు (1908–1995) గురించి చెప్పకుండా ముందుకు పోలేం. తరాలుగా ఆ గుడి వడ్రంగం చేసిన కుటుంబం వాళ్లది. తాత ఆయన్ని వ్యవసాయ పాఠశాలలో చేర్పించాడు. చెట్టు తెలియాలంటే ముందు మట్టి తెలియాలి కదా. కలపను కాదు, కొండను కొనాలని ఆ వడ్రంగుల నోటిమాట. దక్షిణపు వాలున పెరిగిన మానును కట్టడంలోనూ దక్షిణానే నిలపాలి. వాడుకలోంచి పోయిన ‘యారిగన్నా’, ఈటెమొన లాంటి చిత్రిక, ఆయన చేతిలో మళ్లీ బతికింది. నారాలోని యకుషిజీ గుడిలో 1981లో పశ్చిమ పగోడాను తిరిగి కట్టినప్పుడు, కలప శతాబ్దాల బరువుకు కుంగుతుందని లెక్కవేసి, పాతదైన తూర్పు పగోడా కంటే కాస్త ఎత్తు ఉంచాడు.

మళ్లీ టూర్ ప్యాకేజీల సంగతికి వస్తే, 2024లో జపాన్‌కు 3 కోట్ల 68 లక్షలకు పైగా విదేశీయులు వచ్చారు. క్యోటో గియోన్‌లో మైకోల, అంటే గెయిషా విద్య నేర్చుకునే అమ్మాయిల, వెంటపడి ఫొటోలు తీసేవాళ్ల తాకిడికి తాళలేక, ఆ ఏడాదే కొన్ని ప్రైవేటు సందుల్లోకి పర్యాటకులు రాకుండా కట్టడి చేశారు. ఆ వెంటపడటం మాకు బాధ కలిగించింది. ఆ అమ్మాయిలు ఏళ్ల తరబడి ఆటా పాటా నేర్చుకుంటూ పనికి వెళ్తున్నవాళ్లు. వాళ్లను దారి కాచి ఆపడం కళాభిమానం కాదు.

ఇసేలో 2033 గుడి కోసం క్రతువులు 2025లోనే మొదలయ్యాయి. కావలసిన హినోకి (జపాన్ సైప్రస్) మానులు పదివేల దాకా. ఎక్కువ కలప కిసో కొండల నుంచి వస్తుంది. గుడి తన సొంత అడవిలోనూ 1923 నుంచి, రెండు వందల ఏళ్ల లెక్కతో, హినోకి పెంచుతోంది. మొదట నాటినవాళ్లెవరూ ఇవాళ లేరు. ఇప్పుడు వెళ్లేవారికి కంచెల మీదుగా గడ్డి కప్పు కొంతే కనిపిస్తుంది. పక్కనున్న ఖాళీ స్థలం దగ్గర కాసేపు ఆగండి. గులకరాళ్ల నడుమ చిన్న చెక్కగూడు ఒకటి ఉంటుంది. రాబోయే గుడి నేల కింద పవిత్ర కంబం నిలిచే చోటును అది కప్పి కాస్తోంది.